విధవరాలి నూనెకుండ: మన యింటి పొదుపు

కుటుంబ పాఠము
చదువవలసిన భాగము: 2 రాజులు 4:1-7



ఈ నెల పాఠమునకు తీసికొనిన కథ మిక్కిలి చిన్నది. ఏడు వచనములే. అయినను అందులో అప్పు కలదు, నూనె కలదు, పొరుగువారు కలరు, ఒక తల్లియు ఇద్దరు కుమారులును కలరు. మాచర్లలో గాని, దుర్గిలో గాని, వెల్దుర్తిలో గాని ఒక పేద కుటుంబమునకు ఏయే చింతలు ఉండునో అవి అన్నియు ఈ ఏడు వచనములలో ఉన్నవి.

ప్రవక్తల శిష్యులలో ఒకడు చనిపోయెను. అతడు భక్తిపరుడే గాని అప్పు మిగిల్చి పోయెను. అప్పులవాడు అతని యిద్దరు కుమారులను దాసులుగా పట్టుకొని పోవుటకు వచ్చెను. తల్లి ఎలీషాయొద్ద మొరపెట్టుకొనెను. ఎలీషా ఆమె చేతిలో డబ్బు పెట్టలేదు. అప్పులవానిని నిందించుచు కాలము గడపలేదు. ఇంటిలో ఏమి ఉన్నదో చెప్పుమనెను. ఒక నూనెకుండ తప్ప వేరేమియు లేదని ఆమె చెప్పెను. అక్కడనుండి ఆ యింటి కథ మారిపోయెను.

దీనిని మనము ఒక అద్భుతముగా పలుమారులు వినియున్నాము. ఈ నెల దీనిని ఇల్లు నడుపుకొను పాఠముగా చదువుదము. నూనెను వృద్ధిచేసినవాడు దేవుడే. అయినను ఆ తల్లి చేయవలసిన పనులు ఒక వరుసలో ఉన్నవి. ఇంటిలో ఉన్నదానిని చూచుట, వట్టి పాత్రలు కూర్చుకొనుట, తలుపు మూసికొని పిల్లలతో కలసి పనిచేయుట, నూనె అమ్మి అప్పు తీర్చుట, మిగిలినదానితో బ్రదుకుట. మనము తరచుగా ఈ వరుసను తలక్రిందులు చేయుచున్నాము. ముందు బ్రదుకు, పిమ్మట అప్పు, ఇంటిలో ఏమున్నదో కట్టకడపట చూచుట! పొదుపు అనునది ఈ వరుసను సరిచేసికొనుటయే.

1. అప్పులవాడు వాకిట నిలిచినప్పుడు

కుమారులను అప్పు క్రింద పట్టుకొని పోవుట పాతకాలపు సంగతి అని తలంపవద్దు. మన తాతల దినములలో అప్పు తీరువరకు పిల్లవానిని ఆసామి యింట జీతమునకు పెట్టుట ఊరూర ఉండెడిది. వెట్టిచాకిరి నిర్మూలన చట్టము 1976లో వచ్చినది. నేడు పిల్లవానిని ఎవరును పట్టుకొని పోరు. కాని మిరపకోతలు వచ్చినప్పుడు, వాయిదా కట్టుటకు చేతిలో లేనప్పుడు, ఏడవ తరగతి చదువు పిల్ల బడి మాని తల్లితో కూడ మిరపచేనికి పోవుచున్నది. ఒక నెల మానిన పిల్ల మరల బడికి పోవుటకు సిగ్గుపడును. అప్పు పిల్లలను తీసికొని పోవు విధము మారినదే గాని, తీసికొని పోవుట మానలేదు.

నెహెమ్యా గ్రంథము ఐదవ అధ్యాయము చదువుడి. కరవులో ధాన్యము కొనుటకై పొలములను, ఇండ్లను కుదువపెట్టి, పిల్లలను దాస్యమునకు అప్పగించిన జనుల మొర అక్కడ కలదు. వారు విలాసములకు అప్పు చేయలేదు, తిండికి చేసిరి. మన యిండ్లలోను అప్పు మొదలగునది ఎక్కువగా తిండి దగ్గరనే. కిరాణాకొట్టులో పద్దు వ్రాయించి తెచ్చుకొనుట తేలిక. పద్దు మీద కొనువాడు ధర అడుగడు, తూకము చూడడు, వేరొక కొట్టుకు పోలేడు. కొట్టువాడును తన డబ్బు నెలల తరబడి నిలిచియుండును గనుక దాని బాడుగ సరకు ధరలో కలుపుకొనును. ఆ విధముగా పేదవాడే ఊరిలో అందరికంటె ఎక్కువ ధరకు పప్పు కొనుచున్నాడు. అప్పు చేసి పప్పుకూడు అని మన పెద్దలు ఊరకనే అనలేదు.

వడ్డీ లెక్క పిల్లలచేత కట్టించి చూడుడి. ఇరువది వేల రూపాయలు నూటికి మూడు రూపాయల నెలవడ్డీకి తెచ్చినయెడల నెలకు రూ. 600, సంవత్సరమునకు రూ. 7,200. నూటికి ఐదు అయినయెడల సంవత్సరమునకు రూ. 12,000. అసలు అట్లే ఉండును. అదే మొత్తము పావలా వడ్డీకి దొరికినయెడల నెలకు రూ. 50, సంవత్సరమునకు రూ. 600 మాత్రమే. మహిళా సంఘములు సక్రమముగా వాయిదాలు కట్టినయెడల తమపై పావలా వడ్డీ మాత్రమే పడునట్లు మన రాష్ట్రములో 2004లో ఏర్పాటు వచ్చినది. అప్పు తప్పనిసరి అయినప్పుడు ఎక్కడ తేవలెనో ఈ లెక్కయే చెప్పును.

వారము వారము ఇంటికి వచ్చి వసూలు చేయు సంస్థల ఒత్తిడి అధికమై, కుటుంబములు నలిగిపోగా, 2010 అక్టోబరులో ప్రభుత్వము వాటిని అదుపు చేయుటకు ఆర్డినెన్సు తేవలసివచ్చెను. ఇప్పుడు చేతిఫోనులోనే నిమిషములో అప్పు ఇచ్చెదమను యాపులు వచ్చినవి. అవి అడుగకుండ ఇచ్చును, అడుగరాని విధముగా వసూలు చేయును. యౌవనస్థులు జాగ్రత్తపడవలెను. అప్పు పుచ్చుకొనినవాడు ఇచ్చినవానికి దాసుడగునని సామెతలు 22:7 హెచ్చరించుచున్నది.

2. ఇంటిలో ఏమి ఉన్నది?

ఆ తల్లి మొదట ఏమియు లేదనెను. పిమ్మట నూనెకుండను జ్ఞాపకము చేసికొనెను. మనమును అంతే. పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదన్నట్లు, ఇంటిలో ఉన్నది మన కంటికి ఆనదు. సంతకు పోవుటకు ముందు డబ్బాలు మూతలు తీసి చూచు అలవాటు ఎందరికి ఉన్నది? ఉన్న పసుపే మరల కొని, లేని ఉప్పు మరచి వచ్చుట మనమెరిగినదే. కొనవలసినవి చీటీ వ్రాసికొనుడి. చీటీలో లేనిదానిని ఆ దినము కొనవద్దు.

మన సీమ మాటయే చూడుడి. పూర్వము పల్నాడు మెట్టసీమ. జొన్న, సజ్జ, కొర్ర, వరిగ మన ఆహారము. పదునైదవ శతాబ్దమునాటి శ్రీనాథ మహాకవి ఇటు వచ్చినప్పుడు, ఇక్కడ ఎవరింట చూచినను జొన్నకూడేగాని సన్నన్నము లేదని చాటుపద్యములలో ఎగతాళి చేసెనని చెప్పుదురు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరునకు శంకుస్థాపన జరిగెను; 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చెను. అన్నము అందరి కంచములోనికి వచ్చినందుకు కృతజ్ఞత చూపవలసినదే. అయితే దానితో కూడ జొన్నకూడు పేదరికమునకు గుర్తు అను సిగ్గును వచ్చినది. ఇప్పుడు పట్టణములలో వైద్యుడు చెప్పగా అదే జొన్నరొట్టెను డబ్బిచ్చి కొనితినుచున్నారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించెను. చేలో పండిన జొన్నలు తక్కువ ధరకు అమ్మి, అంగడిలో రొట్టె పొట్లము కొనుట ఎక్కడి తెలివి? వారములో రెండు మూడు పూటలు జొన్నసంకటియో, రాగిసంకటియో, జొన్నరొట్టెయో పెట్టుడి. పిల్లలు అలవాటు పడుదురు.

రెండవది, రేషను బియ్యము. ఇవి 2023 జనవరి నుండి ఉచితముగా ఇయ్యబడుచున్నవి. తెల్లకార్డు కుటుంబములో మనిషికి ఐదు కిలోలు. నలుగురున్న యింటికి ఇరువది కిలోలు. అనేకులు వీటిని వాకిటికి వచ్చినవానికి అమ్మివేసి సన్నబియ్యము కొనుచున్నారు. అట్లు అమ్ముట చట్టరీత్యా తప్పు. లెక్కయు చూడుడి. కిలో రూ. 12 చొప్పున అమ్మినచో రూ. 240 వచ్చినదనుకొనుడి. కిలో రూ. 50 చొప్పున ఇరువది కిలోలు కొన్నచో రూ. 1,000. నెలకు రూ. 760 నష్టము, సంవత్సరమునకు రూ. 9,120. అన్నముగా తినుటకు పిల్లలు మారాము చేసినయెడల ఆ బియ్యమును ఇడ్లీకి, అట్లకు, పిండివంటలకు, ఉప్పుపిండికి వాడుకొనవచ్చును. సగము వాడినను సగము నష్టము తప్పును.

మూడవది, పెరడు. గోంగూర, బచ్చలి, తోటకూర, ఒక సొరపాదు, ఒక బీరపాదు, ఒక మునగచెట్టు, ఒక కరివేపచెట్టు. వీటికి పెద్ద స్థలము వద్దు. గిన్నెలు కడిగిన నీరు చాలును. స్థలము బొత్తిగా లేనివారు పగిలిన కుండలో, పాత సంచిలో కొత్తిమీర, మెంతికూర చల్లుకొనవచ్చును. సీసములేని మట్టిలో, మురుగు తగులని చోట పెంచుట ముఖ్యము.

నాల్గవది, పొయ్యి. పప్పు అరగంట నానబెట్టి, మూతపెట్టి, మంట తగ్గించి ఉడికించిన గ్యాసుబండ మరికొన్ని దినములు వచ్చును. కుక్కరు కూత వేసిన వెంటనే మంట తగ్గింపవలెను. దీపము సంగతి: 60 వాట్ల పాత బల్బు దినమునకు ఐదు గంటలు వెలిగిన నెలకు 9 యూనిట్లు, అదే వెలుగిచ్చు 9 వాట్ల ఎల్‌.ఇ.డి. బల్బు ఒకటిన్నర యూనిటు కూడ కాల్చదు.

ఐదవది, పిల్లలకు హక్కుగా వచ్చునవి. మన రాష్ట్రములో 2003 నుండి బడిలో మధ్యాహ్న భోజనము పెట్టుచున్నారు. అంగన్‌వాడీలో గర్భిణికి, బాలింతకు, చంటిబిడ్డలకు గుడ్లు, పాలు, పౌష్టికాహారము ఇచ్చుచున్నారు. వీటిని సిగ్గుపడి వదలుకొనవద్దు. ఇవియు మన నూనెకుండలోని భాగమే.

3. వట్టి పాత్రలు కొన్ని మాత్రమే కాదు

పొరుగువారియొద్ద వట్టి పాత్రలు అడిగి తెచ్చుకొనుమని, అవి తక్కువ కాకుండ చూచుకొనుమని ఎలీషా చెప్పెను. పాత్రలు ఉన్నంతవరకే నూనె వచ్చెను. పాత్రలు అయిపోగానే నిలిచిపోయెను. దేవుడిచ్చు సమృద్ధి కాలములో పట్టుకొనుటకు పాత్ర లేనివాడు, కరవు కాలములో చేయి చాపవలసివచ్చును. యోసేపు సమృద్ధి సంవత్సరములలో పంటలో ఐదవ భాగము నిలువచేయవలెనని ఫరోకు చెప్పెను (ఆదికాండము 41:34). చీమ కోతకాలములో కూర్చుకొనునని సామెతలు ఆరవ అధ్యాయము చెప్పుచున్నది.

మన కూలిజనుల సమృద్ధి కాలము ఏది? పత్తితీతలు మొదలుకొని మిరపకోతలు ముగియువరకు. రమారమి అక్టోబరు నుండి ఏప్రిలు వరకు. ఆ నెలలలో చేతిలో రోజుకూలి ఆడును. మే మొదలుకొని తొలకరి పనులు వచ్చువరకు చేయి వట్టిది. సంవత్సరములో అప్పు ఎక్కువగా పుట్టునది ఈ సందునందే. పుస్తకములకు, బడి ఫీజులకు, విత్తనములకు అన్నిటికి ఒక్కసారి డబ్బు కావలసివచ్చునదియు అప్పుడే. కనుక కూలి ఆడు దినములలో ఐదింట ఒక భాగము పక్కన పెట్టవలెను. ఐదవ భాగము బరువైనచో పదవ భాగముతో మొదలుపెట్టుడి.

డబ్బును మాత్రమే కాదు, సరకును కూడ పాత్రలలో పట్టవచ్చును. కందులు కోతకు వచ్చిన దినములలో సంవత్సరమునకు సరిపడ కొని, ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి, తిరగలిలో విసరి పప్పు చేసికొను తల్లులు మన గ్రామములలో ఇంకను ఉన్నారు. తిరగలి మూలపడియున్నచో మరల బయటికి తీయుడి. చింతపండు మార్చి నెలలో కొని, గింజ తీసి, ఉప్పు చల్లి జాడీకి ఎత్తవలెను. మిరప మన సీమ పంట. కల్లములో కొన్న కాయ బాగుగ ఎండబెట్టి కారము కొట్టించుకొన్న, పొట్లము కారముకంటె చౌక, కల్తీ భయమును లేదు. టమాటాలు, వంకాయలు, దోసకాయలు కొనువారు లేక చౌకపడిన దినములలో ఒరుగులు చేసికొనుడి. ధర మండిన దినమున డబ్బా మూత తీయవచ్చును. మామిడికాయ పచ్చడి, గోంగూర పచ్చడి సంగతి పల్నాటి తల్లులకు ఎవరు చెప్పవలెను?

ధాన్యము, పప్పులు పురుగు పట్టకుండ నాలుగైదు దినములు ఎండలో ఎండబెట్టి, చల్లార్చి, ఎండిన వేపాకు వేసి, మూత బిగించి పెట్టుడి. తడి చేయి పెట్టవద్దు.

పొట్లముల విషయములో కన్ను తెరచి కొనవలెను. లీటరు వంటనూనె తూకమునకు రమారమి 910 గ్రాములు. చూచుటకు లీటరు పొట్లము వలెనున్నను 800 గ్రాములో, 750 గ్రాములో మాత్రమే ఉన్న పొట్లములు అంగడిలో ఉన్నవి. పొట్లము మీద బరువు, ధర రెండును చదివి, వంద గ్రాములకు ఎంత పడునో పిల్లలచేత లెక్క కట్టించుడి. పెద్ద పొట్లమే చౌక అని కూడ నమ్మవద్దు. తలరుద్దుకొను షాంపూ పెద్ద సీసాకంటె రూపాయి పొట్లములలోనే చౌకగా పడుట కలదు. నూనె, పప్పు, సబ్బులలో తరచుగా పెద్దదియే లాభము. లెక్కయే తీర్పరి.

4. తలుపు మూసికొని, పిల్లలతో కూడ

ఎలీషా ఆ తల్లిని కుమారులతో కూడ లోపలికి పోయి తలుపు మూసికొనుమనెను. కుమారులు పాత్రలు అందించిరి, తల్లి నూనె పోసెను. ఇంటి పొదుపు ఒక్కరి పని కాదు. తల్లి గుట్టుగా పొదుపు చేయగా తండ్రి బజారులో ఖర్చు చేసినచో అది చిల్లికుండలో నీరు పోయుటయే.

నెలకొక రాత్రి, టీవీ కట్టివేసి, ఫోనులు పక్కనపెట్టి, కుటుంబమంతయు పద్దు పుస్తకము ముందు కూర్చుండవలెను. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనునని లూకా 14:28లో ఉన్నది. సంఘపు కానుకలకు పద్దు వ్రాయుచున్నాము. ఇంటికి ఎందుకు వ్రాయము? నోటు పుస్తకములో మూడు గళ్ళు చాలును: వచ్చినది, పోయినది, నిలిచినది. వ్రాయుటకు చదువుకొను పిల్లను కూర్చుండబెట్టుడి. ఇంటి కష్టము తెలిసిన పిల్ల కొత్త ఫోను కొరకు అలుగదు.

మొదటి నెల ఏమియు తగ్గింపవద్దు. నిజము మాత్రము వ్రాయుడి. రెండవ నెలలో పుస్తకమే మాటలాడును. పది రూపాయల టీ దినమునకు రెండు త్రాగినచో నెలకు రూ. 600, సంవత్సరమునకు రూ. 7,200. అది నూటికి మూడు చొప్పున ఇరువది వేల అప్పుకు ఒక సంవత్సరపు వడ్డీతో సమానము! బీడీ, గుట్కా, మద్యము ఆ పక్క గడిలో వ్రాసినప్పుడు పెద్దలు తామే తల వంచుకొందురు. వేరొకరు తిట్టవలసిన పని లేదు.

ఒక మాట మాత్రము గట్టిగా చెప్పవలసియున్నది. మన యిండ్లలో పొదుపు పేరిట తల్లి తన కంచములోనిది తగ్గించుకొనుచున్నది. అందరు తినిన తరువాత గిన్నెలో మిగిలినదానితో సరిపెట్టుకొనుచున్నది. ఇది పొదుపు కాదు. రక్తము లేక తల్లి మంచము పట్టినచో ఆసుపత్రి ఖర్చు ఇంటినే మింగును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ అన్నముతో కూడ పప్పు, ఆకుకూరలు తప్పక ఉండవలెనని చెప్పుచు వచ్చినది. తగ్గింపదగినవి చిరుతిండ్ల పొట్లములు, రంగుసీసాల పానీయములు, అవసరమునకు మించిన నూనె, పంచదార. పప్పు, ఆకుకూర, గుడ్డు, పిల్లల పాలు తగ్గింపవద్దు. కుటుంబమంతయు ఒకేసారి కూర్చుండి తినినయెడల ఎవరి కంచములో ఏమున్నదో అందరికి తెలియును.

5. పొరుగువారి పాత్రలు

ఆ విధవరాలి నూనె పొరుగువారి పాత్రలలో నిండెను. ఒంటరిగా ఉండినయెడల ఆమెకు తన కుండ ఒక్కటే. పేదవారి పొదుపు కలసి చేసినప్పుడే నిలుచునని మూడు చోట్ల జరిగిన సంగతులు మనకు చూపుచున్నవి.

మనకు దక్షిణమున నెల్లూరు జిల్లాలో దూబగుంట అను గ్రామము కలదు. 1990 తరువాత అక్కడ రాత్రిబడికి పోయి అక్షరములు దిద్దుకొనిన స్త్రీలు, కూలి డబ్బు అంతయు సారాకొట్టుకు పోవుచున్నదని గ్రహించి, రోశమ్మ మొదలగువారు ముందు నిలువగా, ఆ కొట్టును మూయించిరి. ఆ ఉద్యమము జిల్లాయంతటను, రాష్ట్రమంతటను ప్రాకెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రములో సారా నిషేధింపబడెను. ఆ స్త్రీలు అంతటితో ఆగలేదు. సారాకు పోకుండ మిగిలిన డబ్బులో దినమునకొక రూపాయి చొప్పున సంఘముగా కూడబెట్టిరి. అదియే పొదుపులక్ష్మి అని పేరుపొందినది. దినమునకు రూపాయి ఎంత చిన్నది! పదిమంది కూడిన నెలకు రూ. 300, సంవత్సరమునకు రూ. 3,600. పిల్ల జ్వరమునకు, కాన్పుకు, బడి ఫీజుకు వడ్డీవ్యాపారి వాకిటికి పోవలసిన పని తప్పెను. నేడు మన గ్రామములలో ఉన్న పొదుపు సంఘములకు బలము వచ్చినది అక్కడనుండియే.

రెండవది, 2000 తరువాత వెలుగు పథకపు దినములలో జరిగినది. మహిళా సంఘములు తమ సభ్యులకు నెలకు ఎన్ని బస్తాల బియ్యము కావలెనో ముందుగా లెక్క వేసికొని, టోకుగా ఒక్కసారి కొని, సభ్యులకు అరువుగా ఇచ్చి, వాయిదాలలో వసూలు చేసికొనెడివి. ఒక్కొక్కరు రెండేసి కిలోలు కొన్నప్పుడు లేని బేరమాడు బలము, బస్తాలు కొన్నప్పుడు వచ్చెను.

మూడవది, సముద్రముల ఆవల ఇంగ్లండులోని రోచ్‌డేల్ అను మిల్లు పట్టణములో జరిగినది. అక్కడ మగ్గపు పనివారు మొదలగు కార్మికులు ఇరువది యెనమండుగురు వారము వారము పెన్నీలు కూడబెట్టి, మనిషికొక పౌనుచొప్పున ఇరువది యెనిమిది పౌనులు పోగుచేసి, 1844 డిసెంబరు 21న ఒక చిన్న కొట్టు తెరచిరి. అందులో పిండి, వెన్న, పంచదార, ఓట్లపిండి, క్రొవ్వొత్తులు మాత్రమే ఉండెను. వారి నియమములు: కల్తీలేని సరకు, సరియైన తూకము, అరువు లేదు. లాభము కొనినవారికే వారు కొన్నంత మేరకు పంచబడెను. ప్రపంచమందలి సహకార దుకాణములు ఆ కొట్టును తమ తల్లిగా చెప్పుకొనుచున్నవి.

మన సంఘములోని పది కుటుంబములు కలసి ఒక బస్తా కందిపప్పు, ఒక డబ్బా నూనె టోకుకొట్టులో కొని పంచుకొనినయెడల ఎవరు ఆపుదురు? రెండు షరతులు మాత్రము తప్పరాదు: డబ్బు ముందుగా వేయవలెను, తూకము అందరి యెదుట జరుగవలెను. తప్పుడు రాళ్ళు దేవునికి అసహ్యమని సామెతలు 20:10 చెప్పుచున్నది. అది కొట్టువానికే గాక మనకును వర్తించును.

6. ముందు అప్పు, తరువాత బ్రదుకు

నూనె నిండిన తరువాత ఆ తల్లి మరల ఎలీషాయొద్దకు వచ్చి అడిగెను. చేతికి వచ్చినది తనదే అని ఆమె ఖర్చు చేయలేదు. నూనె అమ్మి, అప్పు తీర్చి, మిగిలినదానితో తానును కుమారులును బ్రదుకవలెనని ఆయన చెప్పెను. అప్పు మొదట, బ్రదుకు తరువాత.

మిర్చి డబ్బు చేతికి రాగానే ఏమి జరుగుచున్నదో ఆలోచించుడి. కొత్త ఫోను, పుట్టినదినమునకు ఫ్లెక్సీ, ఓణీల పండుగకు షామియానా, పెండ్లికి ఇరువది రకముల వంటలు. అప్పు మాత్రము వచ్చే యేటికి! పెండ్లిలో సాదాభోజనము పెట్టిన పరువు పోవునని భయము. పల్నాటి గడ్డమీద ఈ భయము వింతయే. పన్నెండవ శతాబ్దములో బ్రహ్మనాయుడు ఈ మాచర్లలో అన్ని కులములవారిని కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించెనని వీరచరిత్ర చెప్పుచున్నది. ఎనిమిది వందల యేండ్లుగా జనులు ఆ కూటిని తలంచుకొనుచున్నారు. అక్కడ ఎన్ని కూరలు వడ్డించిరో ఎవరును అడుగుటలేదు; ఎవరెవరు కలసి తినిరి అనునదియే చెప్పుకొనుచున్నారు. మన పెండ్లిలో పప్పు, ఒక కూర, సాంబారు, పెరుగు ప్రేమతో వడ్డించినచో అతిథికి కొరత లేదు. సంఘపెద్దలు తమ యిండ్లలో ముందుగా చేసి చూపినచో పేదలు ధైర్యము తెచ్చుకొందురు.

అప్పులు ఒకటికంటె ఎక్కువ ఉన్నవారు వాటిని వడ్డీ వరుసలో వ్రాసికొని, ఎక్కువ వడ్డీగలదానిని ముందు తీర్చవలెను. కిరాణాకొట్టు పద్దు ఒక నెలలో తీరదు. కనుక ఈ నెల నుండి కొత్తగా వ్రాయించక, రొక్కమునకే కొనుచు, పాత బాకీని వారము వారము కొంచెము కొంచెము కట్టుడి. కొట్టువానికి ముందుగా చెప్పుడి, అతడును సంతోషించును.

7. పొదుపు పిసినారితనము కాదు

ఐదు వేలమందికి భోజనము పెట్టిన దినమున ముక్కలు వ్యర్థము కాకుండ పోగుచేయవలెనని యేసు శిష్యులకు చెప్పెను. పండ్రెండు గంపలు నిండెను (యోహాను 6:12-13). రొట్టెలను అంత విరివిగా పంచినవాడే ముక్కలను ఎత్తించెను. పంచుటయు ఎత్తుటయు ఒక్క చేతి పనులే. కోతలో పరిగె పేదలకు విడిచిపెట్టవలెనని లేవీయకాండము 19:9-10 ఆజ్ఞాపించుచున్నది. పొలమంతయు గీరి తీయుట పొదుపు కాదు.

అనేక గ్రామ సంఘములలో తల్లులు అన్నము వండుటకు ముందు పిడికెడు బియ్యము తీసి వేరు కుండలో వేయు ఆచారము కలదు. మిజోరాము సంఘములలో 1910 నుండి ఇది క్రమముగా జరుగుచున్నది. పిడికెడు తగ్గినందున ఏ యింటను ఎవరును పస్తుండలేదు. అప్పులేని యింటినుండియే ఈ పిడికెడు సంతోషముతో వచ్చును. అప్పులో ఉన్న యిల్లు తనదానిని కూడ తనదని చెప్పుకొనలేదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన యింటిలో ఉండియు మనము చూడనిది ఏది? ప్రతివారు ఒక్కటి చెప్పుడి.
2. మన అప్పులలో తిండికి చేసినవి ఎన్ని? పరువుకు చేసినవి ఎన్ని?
3. ఇంటిలో చివర తినుచున్నది ఎవరు? దానిని ఎట్లు మార్చుదుము?
4. అప్పువలన మన సంఘములో బడి మానిన పిల్ల ఉన్నదా? ఆ కుటుంబమునకు ఏ పాత్ర అందింపగలము?

ఈ నెల చేయవలసిన పని

ఒక నోటు పుస్తకము కొని మూడు గళ్ళు గీయుడి. ముప్పది దినములు, ఐదు రూపాయల ఖర్చు కూడ విడువక వ్రాయుడి. నెలాఖరున కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత దానిని అందరి యెదుట చదువుడి. చదివిన పిమ్మట తగ్గింపవలసినది ఒక్కటి మాత్రము ఏర్పరచుకొనుడి. ఆ మిగిలిన డబ్బు ఆ రాత్రియే వేరు డబ్బాలో వేసి, దానిమీద ఆ యింటి అతిపెద్ద అప్పు పేరు వ్రాసి అంటించుడి.